పండుగ సందడిలో పెంపుడు జంతువుల భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

పండుగ దగ్గర పడితే ఇంటి తీరే మారిపోతుంది. సామాన్లు చోటు మారతాయి, వీధి తలుపు తెరిచే ఉంటుంది, వంటింట్లో పొయ్యి ఆరదు, వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. మనకు అది సంబరం. అదే ఇంట్లో ఉండే కుక్కకో పిల్లికో మాత్రం రోజూ తెలిసిన ఇల్లు ఒక్కసారిగా కొత్త చోటైపోతుంది. చాలామంది బాణసంచా గురించి మాత్రమే అడుగుతారు. అడగవలసిందే. కానీ నేను ఎక్కువగా భయపడేది మూడింటికి: తెరిచి ఉంచిన తలుపు, కింద పెట్టిన పళ్లెం, మూత లేని చెత్తబుట్ట.

పండుగకు ఎన్ని రోజుల ముందు నుంచి సిద్ధం కావాలి?

పనిని బట్టి ఉంటుంది. శబ్దాలకు అలవాటు చేసే శిక్షణకు నెలలు పడుతుంది. మందులు అవసరమయ్యే కుక్క అయితే రెండు వారాల ముందే పశువైద్యుడిని కలవాలి. మందు పని చేస్తుందా లేదా అన్నది ప్రశాంతంగా ఉన్న ఒక రోజున చూసుకోవడానికి ఆ వ్యవధి కావాలి. విడిగా గది కేటాయించాలనుకుంటే మూడు నాలుగు రోజుల ముందు నుంచే అన్నం అక్కడ పెట్టడం, పడక అక్కడ వేయడం మొదలుపెట్టండి. పండుగ రోజే తీసుకెళ్లి పెడితే అది దానికి ఆశ్రయంలా కాదు, శిక్షలా అనిపిస్తుంది.

ముందు రోజు రాత్రి చేయవలసింది ఒక్కటే: మెడపట్టీ మీదున్న ఫోను నంబరు ఇప్పటికీ పని చేస్తోందో లేదో చూడండి.

ఇంట్లో అందరం ఉంటాం కదా, ఒక్కరికే బాధ్యత అప్పగించడం దేనికి?

అందరూ చూస్తున్నారనుకున్న కుక్కను ఎవరూ చూడరు కాబట్టి.

ఇది మా ఇంట్లో నేర్చుకున్న పాఠం. ఆ రోజు ఇంట్లో ఏడుగురం ఉన్నాం. చుట్టాలు పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ లోపలికి వచ్చారు. రెండు చేతులూ నిండి ఉండడంతో గేటును కాలితో తోశారు, అది సగమే మూసుకుంది. కుక్క వంటింట్లో ఉందని నేననుకున్నాను, మేడ మీద ఉందని మా అమ్మ అనుకుంది. అది లేదని తెలిసేసరికి ఎంత సేపయిందో ఎవరికీ తెలియదు. రెండు వీధుల అవతల, ఆగి ఉన్న కారు కింద, చక్రానికి ఆనుకుని వణుకుతూ దొరికింది. మెడలో బిళ్ల ఉంది, దాని మీద నంబరూ ఉంది. ఆ నంబరు మేము వాడడం మానేసి రెండేళ్లయింది.

అప్పటి నుంచి పండుగ రోజున ఒకరి పేరు ముందే చెప్పుకుంటాం. గంటగంటకూ అది ఎక్కడుందో చూడడం, నీళ్లు మార్చడం, గేటు గొళ్లెం చూడడం వాళ్ల పని. మధ్యాహ్నం దాటాక ఇంకొకరు అందుకుంటారు. పిల్లలకు ఈ పని ఇవ్వకండి. వాళ్లకు ఆ రోజు చూడవలసినవి చాలా ఉంటాయి.

టపాసుల శబ్దానికి మా కుక్క అంతగా ఎందుకు భయపడుతుంది?

మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. కుక్కకు 45,000 దాకా, పిల్లికి 64,000 దాకా వినిపిస్తుంది. మనకు వినపడని కీచుమోతలు కూడా వాటికి వినపడతాయన్నమాట. అసలు బాధ దానికంటే కూడా మరొకటి: ఆ శబ్దం ఎప్పుడు వస్తుందో, ఎటు నుంచి వస్తుందో దానికి తెలియదు. మెరుపు కనపడుతుంది, కాలిన వాసన వస్తుంది, తప్పించుకునే దారి దొరకదు.

మంచం కింద దూరి వణికితే అందరికీ అర్థమవుతుంది. అంతకు ముందే వచ్చే చిన్న సూచనలను మాత్రం చాలామంది గమనించరు. నిద్ర రాకపోయినా ఆవులించడం, పెదవులు నాక్కోవడం, ఎండ లేకపోయినా రొప్పడం, తోక లోపలికి ముడుచుకోవడం, ఇష్టమైన తిండి పెట్టినా ముఖం తిప్పుకోవడం, మీ వెంటే తిరగడం ఇవన్నీ భయమే.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఏళ్ల తరబడి శబ్దాలను పట్టించుకోని కుక్క పెద్ద వయసులో ఉన్నట్టుండి భయపడడం మొదలుపెడితే, దాన్ని మనసుకు సంబంధించిన విషయమే అనుకుని వదిలేయకండి. శబ్దభయం ఉన్న కుక్కల్లో కొన్నింటికి కీళ్ల నొప్పులో కండరాల నొప్పులో ఉన్నాయని 2018లో వెలువడిన ఒక అధ్యయనం గుర్తించింది. ఉలిక్కిపడినప్పుడు ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పటికే నొప్పి ఉంటే అది ఎక్కువవుతుంది. క్రమంగా శబ్దం, నొప్పి ఒకటిగా ముడిపడిపోతాయి. ముందు నొప్పికి వైద్యం చేయించండి.

దానికోసం కేటాయించే గది ఎలా ఉండాలి?

వీధికి దూరంగా, కిటికీలు తక్కువగా ఉన్న గది మంచిది. తలుపు సందుల్లో పాత దుప్పట్లు పెట్టి, కర్టెన్లు వేసి, లైటు వెలిగించి ఉంచండి. చీకటి గదిలో మెరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వెలుగున్న గదిలో అంతగా తెలియదు. ఫ్యాను తిప్పండి. రేడియో గానీ టీవీ గానీ ఒకే స్థాయిలో మోగేలా పెట్టండి. బయటి మోతను ముంచేయాలని గోల పెంచకండి, రెండు గోలల మధ్య పడి అది ఇంకా నలిగిపోతుంది. మీరు కట్టి విడిచిన చీరో చొక్కానో పడక మీద వేస్తే ఆ వాసన దానికి ధైర్యం.

కుక్క గదికి గడియ పెట్టి వెళ్లిపోవద్దు. భయంతో తలుపు గీరి గోళ్లు ఊడగొట్టుకున్న కుక్కలు, కిటికీ అద్దంలోంచి దూకిన కుక్కలు ఉన్నాయి. ఇల్లంతా మూసి ఉంటే గది తలుపు తెరిచి ఉంచండి. వచ్చిపోయేవాళ్లు ఉంటే మాత్రం ఎవరో ఒకరు లోపల దాని దగ్గరే ఉండాలి.

పిల్లి లెక్క వేరు. దానికి తోడు కంటే దాక్కునే చోటు ముఖ్యం. బోర్లించిన అట్టపెట్టె, అలమారా పై అర, మట్టి తొట్టి, నీళ్లు ఉంటే చాలు. అది దాక్కున్న చోటు నుంచి ముద్దు చేద్దామని బయటకు లాగకండి, గీరుతుంది. గీరడంలో దాని తప్పేమీ లేదు.

భయపడుతున్నప్పుడు ఓదారిస్తే ఆ భయం ఇంకా అలవాటవుతుందని అంటారు. నిజమేనా?

కాదు. కూర్చోమంటే కూర్చున్నందుకు బిస్కెట్టు ఇస్తే కూర్చోవడం పెరుగుతుంది, అది పని. భయం పని కాదు, దగ్గరకు తీసుకున్నంత మాత్రాన పెరగడానికి. అది మీ దగ్గరకు వస్తే ఒళ్లో చోటివ్వండి. దూరంగా ఉండాలనుకుంటే ఉండనివ్వండి.

పైగా, మోత వినిపించిన ప్రతిసారీ వెంటనే ఇష్టమైన తిండి ముక్క ఇవ్వడమో కాసేపు ఆడించడమో చేస్తే చాలా కుక్కల్లో ఉపయోగం కనిపిస్తుంది. 2020లో స్టెఫనీ రీమర్ అనే పరిశోధకురాలు వెయ్యికి పైగా కుక్కల యజమానులను అడిగి చూస్తే, ఈ పద్ధతిని ప్రయత్నించిన వాళ్లలో 70 శాతానికి పైగా అది పనిచేసిందని చెప్పారు. డాక్టరు రాసిచ్చిన మందులు కూడా దాదాపు అదే స్థాయిలో నిలిచాయి. వాసనతో శాంతపరిచే పరికరాలకు, మూలికా మందులకు అందులో సగం మార్కులు కూడా రాలేదు. ఇది యజమానుల అభిప్రాయమే, ప్రయోగశాల ఫలితం కాదు. అయినా ఒక ముక్క తిండి పెట్టి చూడడానికి పోయేదేముంది?

తిడితే మాత్రం భయం తప్పకుండా పెరుగుతుంది.

నిద్రమాత్రలో సగం ఇచ్చి పడుకోబెట్టవచ్చా?

వద్దు. మనుషుల మందు ఏదీ సొంతంగా ఇవ్వకండి. అన్నిటికంటే ముందు పారాసిటమాల్. దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు, ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు.

మత్తు వేరు, భయం తగ్గడం వేరు అన్నది తెలుసుకోవాలి. ఏస్‌ప్రోమజైన్ అనే పాత మందు ఒళ్లును కదలకుండా చేస్తుంది, లోపలి భయాన్ని తగ్గించదు. చూసేవాళ్లకు కుక్క హాయిగా పడుకున్నట్టుంటుంది, దానికేమో అంతా వినపడుతూనే ఉంటుంది, లేవలేదు. అంతకంటే నరకం ఉంటుందా? శబ్దభయానికి నేరుగా పనికొచ్చే మందులు ఇప్పుడు వచ్చాయి. చిగురుకూ చెంపకూ మధ్య రాసే డెక్స్‌మెడిటోమిడిన్ జెల్‌కు 2015లో అమెరికాలో కుక్కల శబ్దభయం కోసమే అనుమతి లభించింది. మీ కుక్క బరువు, వయసు, గుండె పరిస్థితి చూసి ఏది సరిపోతుందో డాక్టరు చెబుతారు. ఏ మందయినా మోత మొదలవక ముందే పడాలి. భయం తలకెక్కాక వేసినది అంతగా పట్టదు.

వచ్చే ఏడాదికైనా భయం తగ్గేలా శిక్షణ ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. బాణసంచా లేని కాలంలో మొదలుపెట్టండి. రికార్డు చేసిన టపాసుల శబ్దాన్ని ఫోనులో, కుక్క చెవి కూడా ఆడించనంత సన్నగా వినిపించాలి. వినిపిస్తూ తిండి పెట్టాలి. రెండు మూడు నిమిషాలు చాలు. రోజులు గడిచేకొద్దీ శబ్దం రవ్వంత పెంచాలి. తినడం ఆపిందంటే మీరు తొందరపడ్డారని అర్థం, ఒక మెట్టు దిగండి. ఇందులో చెడేది అంతా మన ఓపిక దగ్గరే.

పండుగ వంటల్లో ఏవి పెట్టకూడదు?

ఉల్లి, వెల్లుల్లి ముందు వరుసలో ఉంటాయి. పచ్చివైనా వేయించినవైనా పొడి చేసినవైనా అంతే. ఇవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పిల్లికి కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి చాలు. చిక్కేమిటంటే ఆ రోజు ఏమీ కనిపించదు. మూడు నాలుగు రోజుల తరవాత చిగుళ్లు పాలిపోయి, నీరసపడి, మూత్రం ఎర్రగా వచ్చినప్పుడు పండుగ నాటి కూర ఎవరికీ గుర్తుండదు. ముక్కలు ఏరేసి పులుసు కలిపిన అన్నం పెట్టినా లాభం లేదు, సారమంతా పులుసులోనే ఉంటుంది.

ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఒక కుక్క గుప్పెడు తిని తిరుగుతుంది, మరొకదానికి కొన్ని పండ్లతోనే ప్రాణం మీదకు వస్తుంది. కారణం వాటిలో ఉండే టార్టారిక్ ఆమ్లం కావచ్చని కొన్నేళ్లుగా పశువైద్యులు భావిస్తున్నారు. అదే ఆమ్లం ఉండే చింతపండు తిన్న కుక్కల్లోనూ ఇదే రకం దెబ్బ కనిపించడంతో ఆ అనుమానం బలపడింది. కాబట్టి మిఠాయిలో మెరిసే ఆ ఒక్క ఎండుద్రాక్షను కూడా ప్రేమతో నోట్లో పెట్టకండి.

ఉడికిన ఎముకలు పదునుగా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. నూనె, నెయ్యి ఓడే మిగులు వంటకాలు క్లోమానికి వాపు తెస్తాయి, ఆ నొప్పితో కుక్క ముందుకాళ్లు చాపి నడుము పైకెత్తి నిలబడుతుంది. ఈస్టు కలిపి పొంగడానికి పెట్టిన పచ్చి పిండిని తింటే, అది కడుపులోనూ పొంగుతుంది, పులిసి ఆల్కహాలు కూడా తయారవుతుంది. మకడమియా గింజలకు కుక్కల వెనక కాళ్లు పట్టు తప్పుతాయి. మద్యం సంగతి చెప్పనవసరం లేదు, తమాషాకు పోసేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నాను.

చాక్లెట్ కొంచెం తిన్నా ప్రమాదమేనా?

రకాన్ని బట్టి, బరువును బట్టి. విషం చాక్లెట్‌లోని థియోబ్రోమిన్. కుక్కకు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, విరేచనాలు, కుదురులేనితనం మొదలవుతాయి. 40, 50 దగ్గర గుండె లయ తప్పుతుంది. 60 దాటితే మూర్ఛ రావచ్చు.

10 కిలోల కుక్కను తీసుకుందాం. 200 మిల్లీగ్రాముల దగ్గర ఇబ్బంది మొదలు. పాల చాక్లెట్ గ్రాములో సుమారు 2 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 100 గ్రాములు తినాలి. నల్ల చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 5, అంటే 40 గ్రాములు చాలు. కేకుల్లో వాడే తీపి లేని చాక్లెట్ అయితే 15 గ్రాముల ముక్క సరిపోతుంది. రెండు కిలోల బొచ్చుకుక్కకు ఈ లెక్కంతా ఐదో వంతుకు పడిపోతుంది. థియోబ్రోమిన్ కుక్క ఒంట్లో నెమ్మదిగా కరుగుతుంది, సగం పోవడానికే పదిహేడు పద్దెనిమిది గంటలు పడుతుంది. లక్షణాలు ఆరు నుంచి పన్నెండు గంటల తరవాత కూడా బయటపడవచ్చు. సాయంత్రం తిని రాత్రి బాగానే ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు.

చక్కెర లేని మిఠాయిలు, బబుల్ గమ్ పరవాలేదా?

చక్కెర ఉన్నదాని కంటే ఇదే ఎక్కువ ప్రమాదం. చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కలిసి ఉంటే కుక్క ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరి, అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. తూలుతుంది, పడిపోతుంది, ఫిట్స్ రావచ్చు. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు. ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. ప్యాకెట్ మీద బర్చ్ షుగర్ అనో, ఇ967 అనో రాసి ఉన్నా అదే సరుకు. అతిథుల చేతిసంచులు నేల మీద పెట్టనివ్వకండి. గమ్ ఉండేది వాటిలోనే.

ఏదో తినేసింది. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించమంటున్నారు?

ఉప్పునీళ్లు వద్దే వద్దు. ఒంట్లో సోడియం ఎక్కువై మెదడు దెబ్బతింటుంది, తిన్న పదార్థం కంటే ఆ ఉప్పే చంపవచ్చు. వేలు గొంతులో పెట్టకండి, పాలు, నూనె పోయకండి. పదునైన వస్తువో ఘాటైన రసాయనమో అయితే వాంతి చేయించడం వల్ల గొంతు రెండోసారి దెబ్బతింటుంది.

డాక్టరుకు ఫోను చేసి నాలుగు ముక్కలు చెప్పండి: ఏమి తింది, సుమారు ఎంత, ఎప్పుడు, దాని బరువు ఎంత. ప్యాకెట్ చెత్తబుట్టలోంచి తీసి వెంట తీసుకెళ్లండి. పండుగ రోజు మీ డాక్టరు అందుబాటులో ఉంటారో లేదో, లేకపోతే ఎవరి దగ్గరకు వెళ్లాలో నాలుగు రోజుల ముందే కనుక్కుని, ఆ నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

అలంకరణల్లో దేనికి భయపడాలి?

పిల్లి ఉన్న ఇంట్లో రిబ్బన్లకు, దారాలకు, మెరుపు తీగలకు. అందరూ ఆడుకుంటోంది కదా అని ముచ్చటగా వీడియో తీస్తారు. పిల్లి నాలుక మీద ముళ్లు లోపలి వైపుకు వంగి ఉంటాయి. దారం ఒకసారి నోట్లోకి వెళితే ఉమ్మేయడం దానికి కష్టం, మింగుతూనే పోతుంది.

ఒక పండుగ మరుసటి రోజు మా పిల్లి గిన్నె ముట్టలేదు. రెండుసార్లు నురగ కక్కి మూలన ముడుచుకుంది. డాక్టరమ్మ దాని దవడ కింద బొటనవేలితో పైకి నొక్కగానే నాలుక లేచింది. నాలుక మొదట్లో సన్నటి ఎర్రటి గీత. కానుకల పెట్టెకు కట్టిన రిబ్బన్ పోగు అక్కడ చుట్టుకుని ఉంది, రెండో కొస కడుపులో ఉంది. ఒక చివర ఇలా చిక్కుకుపోతే, పేగు ఆ దారం మీదుగా బొందు లాగిన సంచి మూతిలా ముడుచుకుంటుందట, ఆలస్యమైతే కోసుకుపోతుందట. దానికి ఆపరేషన్ అయింది, బతికింది. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకండి, పొడుగ్గా ఉంటే కత్తిరించనూ వద్దు, అలాగే తీసుకెళ్లండి అని ఆమె చెప్పిన మాట ఇక్కడ రాస్తున్నాను.

కరెంటు దీపాల తీగలను కుక్కపిల్లలు, కుందేళ్లు కొరుకుతాయి. తీగను గోడ వెంట ఎత్తుగా కట్టి, ఎవరూ లేనప్పుడు ప్లగ్గు తీసేయండి. బిళ్లల్లాంటి చిన్న బ్యాటరీలు గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే లోపల కాలి పుండవుతుంది. పగిలిన బెలూన్ ముక్కలు ఊపిరికి అడ్డుపడతాయి. వెలిగించిన కొవ్వొత్తి పిల్లి తోకకు అందని ఎత్తులో ఉంటే సరిపోదు, పిల్లి ఎక్కలేని చోట ఉండాలి. అలాంటి చోటు మీ ఇంట్లో ఉంటే నాకూ చెప్పండి. చీకట్లో మెరిసే కడ్డీలను కొరికి పిల్లి నోట నురగ కక్కితే కంగారు పడకండి. ఆ ద్రవం భయంకరమైన చేదే గానీ సాధారణంగా ప్రాణాపాయం కాదు. నోరు తడిగుడ్డతో తుడిచి, రుచిగా ఏదైనా పెట్టి, బొచ్చు మీద పడింది కడిగేయండి.

పూలగుత్తులు తెస్తారు. వాటితో ఇబ్బందేమిటి?

పిల్లి ఉంటే లిల్లీలను గడప దాటనివ్వకండి. తెలుగులో లిల్లీ అని పిలిచే నేలసంపెంగ కాదు నేను చెబుతున్నది. పూలగుత్తుల్లో పెట్టే, పెద్ద రేకులతో బాకా ఆకారంలో విచ్చుకునే అసలు లిల్లీలు, వాటితో పాటు డే లిల్లీలు. ఆకు కొరికినా, ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా, కుండీలోని నీళ్లు తాగినా పిల్లి మూత్రపిండాలు ఒకటి నుంచి మూడు రోజుల్లో చేతులెత్తేస్తాయి. అనుమానం వచ్చిన గంటలోనే బయలుదేరాలి, వాంతి మొదలయ్యేదాకా చూడకూడదు. ఇదే పువ్వు కుక్కకు కడుపునొప్పితో పోతుంది.

అతిథులు, వాళ్ల పిల్లలు వచ్చినప్పుడు?

"మాది ఏమీ చేయదండీ" అన్న మాటను ఆ ఒక్కరోజు పక్కన పెట్టండి. రోజూ ఏమీ చేయని కుక్కే, తింటున్నప్పుడు ఎవరో బిడ్డ వెనక నుంచి మెడ వాటేసుకుంటే కరుస్తుంది. పిల్లలకు మూడు మాటలు ముందే చెప్పండి: తింటున్నప్పుడు దగ్గరకు వెళ్లకూడదు, పడుకున్నదాన్ని లేపకూడదు, అది తప్పుకుంటే వెంటపడకూడదు. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టకండి. అది హెచ్చరిస్తోంది. హెచ్చరిక మాన్పిస్తే ఈసారి నేరుగా కరుస్తుంది.

పెద్దవాళ్లకు చెప్పడమే కష్టం. పళ్లెం కింద పెట్టవద్దని ఎన్నిసార్లు చెప్పినా ఒక్క ముక్కే కదా అంటారు. పదిమంది తలా ఒక ముక్క. మా ఇంట్లో దాని గిన్నె పక్కనే చిన్న డబ్బాలో దాని తిండి ఉంచి, ముద్దు చేయాలనుకునేవాళ్లను అందులోంచి పెట్టమంటాం.

పొరపాటున ఎవరినైనా కరిస్తే?

గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరకు పంపండి. మీ కుక్కకు రేబిస్ టీకా వేయించిన కాగితం తీసి ఇవ్వండి. టీకా ఉంది కదా, పరవాలేదని మీరు తీర్పు చెప్పకండి.

కుక్కకో పిల్లికో ఒళ్లు కాలితే?

చల్లటి కుళాయి నీళ్లు ధారగా 20 నిమిషాల దాకా పోయండి. మంచు ముక్కలు, వెన్న, పేస్టు వద్దు. తడిగుడ్డ కప్పి తీసుకెళ్లండి. బొచ్చు కింద ఎంత కాలిందో పైకి తెలియదు.

దానికి కొత్త బట్టలు వేయవచ్చా?

ఫోటో తీసేంతసేపు వేయండి, అదీ దానికి ఇష్టమైతే. బిగుసుకుని కదలకుండా నిలబడితే అది బుద్ధిగా ఉన్నట్టు కాదు, ఇష్టం లేనట్టు. చప్పిడి ముక్కు కుక్కలకు అసలే ఊపిరి కష్టం.

పక్షులు, చేపలు, కుందేళ్ల సంగతి?

పక్షికి శత్రువు శబ్దం కంటే పొగ. దాని ఊపిరితిత్తుల నిర్మాణమే గాలిని బాగా పిండుకునేలా ఉంటుంది, విషాన్నీ అలాగే పిండుకుంటుంది. అగరొత్తులు, సువాసన కొవ్వొత్తులు, స్ప్రేలు, బాణసంచా పొగ అన్నీ చెరుపే. అన్నిటికంటే దారుణం, పొయ్యి మీద మరిచిపోయిన నాన్‌స్టిక్ పెనం. అది మాడితే వచ్చే ఆవిరికి మనకు దగ్గయినా రాకముందే పంజరంలోని పక్షి పడిపోతుంది. పంజరాన్ని వంటింటికి దూరంగా పెట్టండి. రాత్రి చిన్న దీపం ఉంచితే ఉలిక్కిపడి కమ్మీలకు కొట్టుకోదు.

కుందేలు, గినీపిగ్ భయపడితే తినడం మానేస్తాయి. కుక్క ఒక పూట తినకపోతే ఫరవాలేదు, కుందేలు పన్నెండు గంటలు తినకపోతే పేగుల కదలికే ఆగిపోవచ్చు. రెట్టలు తగ్గాయేమో చూడండి, తగ్గితే అత్యవసరమే.

చేపలకు పిల్లలే ప్రమాదం. అద్దం మీద కొట్టడం, ప్రతి ఒక్కరూ చిటికెడు మేత వేయడం. మేత డబ్బా దాచేయండి. గాలి పంపు గదిలోని పొగనే నీళ్లలోకి పంపుతుందని గుర్తుంచుకుని ఆ గదిలో ఏమీ వెలిగించకండి.

మైక్రోచిప్ వేయించాం. తప్పిపోయినా ఎక్కడుందో తెలుస్తుంది కదా?

తెలియదు. అది చర్మం కింద పెట్టే బియ్యపుగింజంత చిప్పు, అందులో బ్యాటరీ ఉండదు. రీడర్ దగ్గర పెడితే 15 అంకెల సంఖ్య చూపిస్తుంది, అంతే. ఆ సంఖ్యకు మీ ఫోను నంబరు నమోదు చేయించకపోతే దానివల్ల ఏ ఉపయోగమూ లేదు.

అయినా పారిపోయింది. ఎలా వెతకాలి?

కుక్క కనిపిస్తే వెంటపడకండి, పేరు పెట్టి అరవకండి. భయంలో ఉన్న కుక్కకు మీ గొంతు కూడా మోతలాగే వినిపిస్తుంది. కొంత దూరంలో పక్కకు తిరిగి కింద కూర్చుని, చూడనట్టు తిండి ముక్కలు నేల మీద వేయండి. వాసన పట్టి అదే వస్తుంది. తప్పిపోయిన చోట మీరు విడిచిన బట్ట ఒకటి వదిలిపెట్టండి.

పిల్లి అయితే దూరం వెళ్లకండి. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, దొరికిన పిల్లుల్లో 75 శాతం తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే దొరికాయి. పక్కింటి మెట్ల కింద, సామాన్ల గదిలో, కారు అడుగున టార్చి వేసి చూడండి. రాత్రి జనం సద్దుమణిగాక వెతికితే వెలుతురుకు కళ్లు మెరిసి పట్టిస్తాయి. పిలిచినా పలకదు, మీ కాళ్ల దగ్గరే ఉన్నా పలకదు.

ఊరు వెళుతున్నాం. తీసుకెళ్లాలా, వదిలి వెళ్లాలా?

పిల్లిని ఇంట్లోనే ఉంచి, తెలిసినవాళ్లను రోజుకు రెండుసార్లు వచ్చి చూడమనండి. దానికి మనుషుల కంటే ఇల్లు ముఖ్యం. కుక్కను తెలిసినవాళ్ల దగ్గర ఉంచడం మంచిది. వసతి కేంద్రంలో వదిలితే టీకాలు కనీసం రెండు వారాల ముందే పూర్తి చేయించండి, వదిలే రోజు వేయిస్తే రక్షణ అప్పటికప్పుడు రాదు. టపాసులు కాల్చే రోజు రాత్రి వాళ్లు కుక్కలను ఎక్కడ ఉంచుతారో అడగండి. జవాబు తడబడితే వేరే చోటు చూడండి.

పండుగ కానుకగా కుక్కపిల్లను ఇవ్వవచ్చా?

ఇవ్వకండి. పన్నెండు పదిహేనేళ్ల బాధ్యతను ఎదుటివాళ్లను అడగకుండా రంగు కాగితంలో చుట్టి ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. వాళ్లే కావాలన్నా, సందడి తగ్గాక ఒక మామూలు రోజున తెచ్చుకోమనండి.

పండుగ అయిపోయింది. ఇంకా చూసుకోవలసింది ఏమైనా ఉందా?

ఉంది. మరుసటి రోజు ఉదయం కుక్కను బయటకు తీసుకెళ్లే ముందు మీరొక్కరే చీపురుతో వెళ్లండి. పేలకుండా మిగిలిన టపాసుల్లో పొటాషియం నైట్రేట్, గంధకం, బేరియం లవణాలు ఉండవచ్చు. నమిలితే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. నీళ్లలో కరిగే బేరియం రక్తంలోని పొటాషియాన్ని పడగొట్టి కండరాలను సడలిస్తుంది. కాలిన కడ్డీలు అరికాళ్లకు గుచ్చుకుంటాయి. ఆ ఉదయం షికారుకు గొలుసు విప్పకండి, అక్కడక్కడ ఇంకా ఒకటీ అరా పేలుతూనే ఉంటాయి.

ఇంటికి వచ్చాక కాళ్ల వేళ్ల మధ్య తడిగుడ్డతో తుడవండి. రాత్రి ఎముకలు, నూనె కాగితాలు, దారాలు వేసిన చెత్తసంచిని మెట్ల పక్కన పెట్టి పడుకున్నారేమో చూడండి. మా ఇంట్లో ఆ సంచి ఇప్పుడు మేం అన్నం తినగానే బయటికి వెళుతుంది.